ఎదురింటి చుట్టూ తిరిగిన వారం

నా భార్యకు దయ్యం పట్టలేదు. ఎప్పుడూ పట్టలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మిగిలింది నిదానంగా చెప్పుకోవచ్చు.

ఆమెకు దయ్యం పట్టిందనీ, మా ప్రార్థనతో వదిలిపోయిందనీ చాలా ఏళ్ళపాటు చెప్పుకుంటూ తిరిగినవాణ్ణి నేనే. తార్నాకలో మా చర్చి సంఘంలో చెప్పాను. నల్లకుంటలో, వారాసిగూడలో ఇళ్ళల్లో పెట్టుకునే కూడికలకు పిలిస్తే వెళ్ళి చెప్పాను. ఒకసారి ఎవరో ఫోన్లో తీసి యూట్యూబులో పెట్టారు. అప్పటినుంచి నాకు ముఖం తెలియనివాళ్ళు కూడా ఆ సాక్ష్యం విన్నారు. సంఘంలో కొత్తగా చేరినవాళ్ళకు నా భార్యను చూపించి, "గా అక్కనే, దయ్యం ఇడిచిపెట్టిన అక్క" అని చెప్పుకోవడం నేను చెవులారా విన్నాను. ఆమె కూడా వినే ఉంటుంది. తల తిప్పి చూసేది కాదు.

దయ్యాలు లేవని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. చెడుకు ఒక బుద్ధి ఉందనీ, అది మనిషిని వెతుక్కుంటూ వస్తుందనీ ఇవాళ మునుపటికంటే గట్టిగా నమ్ముతున్నాను. అది ఎక్కడికి వచ్చిందో చెప్పడంలోనే నేను తప్పాను.

మా నాన్న జనగామ అవతల ఒక పల్లెలో ప్రార్థనలు నడిపించేవాడు. మా ఇంట్లో సైతాను పేరు మేనమామ పేరంత మామూలుగా వినపడేది. కూడిక మొదలయ్యే వేళకు కరెంటు పోతే కరెంటాఫీసును తిట్టేవాళ్ళం కాదు, వాణ్ణి తిట్టేవాళ్ళం. వాన పడితే వాడే. డప్పు తోలు పగిలితే వాడే. పట్నం వచ్చి, విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఉద్యోగంలో చేరి, తార్నాకలో ఇల్లు తీసుకున్నాక కూడా ఆ అలవాటు నన్ను వదల్లేదు. పైగా సంఘంలో పెద్దనయ్యాను. మైకు పట్టుకుని మాట్లాడగలిగినవాడికి అదొక బలం.

ఇదంతా మొదలైన ఏడాది, విశ్వాసుల్లో మళ్ళీ ఉత్సాహం నింపే ఉజ్జీవ కూడికలు మూడు రోజులు పెట్టుకున్నాం. షామియానాలు, సౌండు బాక్సులు, బయటినుంచి వచ్చే ప్రసంగీకుడు, అన్నీ నా మీదే వేసుకున్నాను. స్త్రీల ప్రార్థన నడిపించాల్సింది నా భార్య. రెండోరోజు పొద్దున మా బావమరిది ఫోన్ చేశాడు. అత్తమ్మకు ఒంట్లో బాగాలేదు, బిడ్డను అడుగుతోంది.

నా భార్య ఫోన్ పెట్టేసి నా దగ్గరికొచ్చింది. "నేను పోతనయ్యా. మూడు గంటలల్ల పోత. మా అమ్మ ఎన్నడు గిట్ల పిలవలే" అంది.

నేను చేతిలో ఉన్న సౌండు బాక్సు వైరు కూడా కింద పెట్టకుండా చెప్పాను. "కూడికలు పెట్టిన ప్రతిసారి వాడేదో ఒకటి తెస్తడు. పోయినసారి పాపయ్యగారి కాలు ఇరగలేదా? ఇది గూడ ఆటంకమే. నువ్వు పోతే వాడు గెల్చినట్టు. రేపు ఆఖరు ప్రార్థన అయినంక ఇద్దరం పోదాం."

ఆమె లోపలికి వెళ్ళి చీర మార్చుకుని కూడికకు వచ్చింది. స్త్రీల ప్రార్థన బాగా నడిపించింది. అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం మా అత్తమ్మ చనిపోయింది.

మట్టి చేసేటప్పుడు నా భార్య ఏడవలేదు. ఇంటికి వచ్చాక మాట్లాడడం తగ్గించింది. ఆ తర్వాత పూర్తిగా మానేసింది. మా అబ్బాయి అప్పటికే వరంగల్‌లో ఉండి చదువుకుంటున్నాడు. ఇంట్లో మేమిద్దరమే. వంట నేనే చేసుకునేవాణ్ణి. ఆమె వెనక గదిలో కిటికీ పక్కన కూర్చుని ఉండేది. సంఘం స్త్రీలు వచ్చి పాట అందుకుంటే గోడవైపు తిరిగేది. పాస్టరుగారు వచ్చి తలమీద నూనె రాసి ప్రార్థన చేస్తే, ఆయన ఆమెన్ అనేలోపే కొంగుతో తుడిచేసుకుంది. బైబిలు ముట్టలేదు.

ఇంకొకటి కూడా నేను గమనించాను. రోజూ పొద్దున చాయ్ చేసి తీసుకెళ్ళేవాణ్ణి. గ్లాసు చాచితే వెంటనే అందుకునేది కాదు. గ్లాసువైపు చూసేది, నా చేతివైపు చూసేది. ఆమె చేయి సగం దాకా లేచి ఆగేది. కళ్ళల్లో నేనెప్పుడూ చూడని చూపు ఉండేది. చాయ్ మీద మీగడ కట్టేదాకా ఇద్దరం అలాగే ఉండేవాళ్ళం. చివరికి అందుకునేది. ఆ చూపు చూస్తే నాకు భయం వేసేది. పాస్టరుగారికి చెప్పాను. "విశ్వాసి చేతిది ముట్టనిస్తలేదు లోపలున్నది" అన్నారాయన. ఆయన అనకముందే నేనూ అలాగే అనుకున్నాను.

ఇవాళైతే ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి. అంతకంటే ముందు ఆమె కాళ్ళదగ్గర కూర్చుని క్షమించమని అడిగేవాణ్ణి. అప్పుడు ఈ రెండూ నాకు తట్టలేదు. తట్టలేదనడం కూడా సరికాదు. రెండోది తట్టింది, తోసేశాను.

"మీ ఇంటెదురుగ ఏమున్నది బ్రదర్?" అని పాస్టరుగారు అడిగారు ఒకరోజు.

ఎదురింట్లో కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన దంపతులు ఉండేవారు. ఆయన పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు, పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. ఆవిడకు డెబ్బై దాటి ఉంటాయి. భర్త పడ్డప్పటినుంచీ అమావాస్య నాడల్లా గుమ్మడికాయ దిష్టి తీసి గేటు ముందు పగలగొట్టేది. గేటుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టేది. ఒకసారి ఆ నిమ్మకాయ ఊడి దొర్లుకుంటూ మా గేటు దాకా వచ్చింది. ఇవన్నీ పాస్టరుగారికి నేనే చెప్పాను. చెబుతుంటే నా గుండెమీద బరువు దిగుతున్నట్టు అనిపించింది. ఎందుకు తేలికైందో అప్పుడు ఆలోచించలేదు. నేరం మోపడానికి నాకొక ఇల్లు దొరికింది.

యెరికో కథ క్రైస్తవుల ఇళ్ళల్లో పిల్లలకు కూడా తెలుసు. శత్రువు కోట చుట్టూ దేవుని ప్రజలు ఆరు రోజులు మాట్లాడకుండా రోజుకొక్కసారి తిరుగుతారు. ఏడోరోజు ఏడుసార్లు తిరిగి కేక వేస్తే గోడలు కూలతాయి. మాలాంటి సంఘాల్లో దాన్ని కథగా వదిలెయ్యరు. సైతాను బంధకం ఎక్కడుందనిపిస్తే దాని చుట్టూ నడుస్తారు. ఖాళీ స్థలాల చుట్టూ నడిచాం, ఆసుపత్రి చుట్టూ నడిచాం. ఎదురిల్లు మూలమీది ఇల్లు. రెండు పక్కల రోడ్డు, ఒక పక్క గల్లీ, వెనక మనిషి పట్టేంత సందు. చుట్టూ తిరగడానికి వీలుగా ఉందని సంతోషించడం నాకు గుర్తుంది.

ఆ ఏర్పాటంతా మా ముందుగదిలో కూర్చుని మాట్లాడుకున్నాం. వెనకగది తలుపు తెరిచే ఉంది.

తెల్లవారాక, క్యాంపస్‌కు వాకింగుకు వెళ్ళేవాళ్ళు మా వీధిలోంచి పోయే వేళకు నడిచేవాళ్ళం. పాస్టరుగారు, నేను, సంఘంలోని నలుగురైదుగురు మగవాళ్ళు. చెప్పులు విడిచి, పెదవులు బిగించి. వాకింగువాళ్ళు మమ్మల్ని చూసి తప్పుకుని పోయేవారు. ఒకాయన మాత్రం నిలబడి, "ఏంది అన్నా, ప్లాటు కొలుస్తున్రా? ఎట్ల పోతున్నది గజం?" అని అడిగాడు. మౌనవ్రతం కాబట్టి జవాబు చెప్పలేదు. "చెప్పరు. తెలుసు నాకు, రేటు పెరుగుతదని చెప్పరు" అనుకుంటూ పోయాడు.

ఏడోరోజున మూడో చుట్టు తిరుగుతుంటే ఎదురింటి గేటు తెరుచుకుంది. ఆవిడ స్టీలు బిందె, గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. పోట్లాటకు వచ్చిందనుకున్నాం.

"వారం నుంచీ చూస్తున్నాను నాయనా," అంది. "మా ఇంటికి ప్రదక్షిణం చేస్తున్నారు కదూ? మా వారి కోసమేనా?"

వెనకవాళ్ళు వచ్చి మా వీపులకు తగిలి ఆగారు.

"ఆయన పడ్డప్పటినుంచీ మా వాళ్ళెవరూ ఈ గేటు తీసింది లేదు. మీరు వేరే మతం వాళ్ళయుండీ, చెప్పులైనా లేకుండా..." మాట పూర్తి చెయ్యలేకపోయింది. గ్లాసులో నీళ్ళు పోసి ఒక్కొక్కరికీ అందించింది. తాగాం. పాస్టరుగారు కూడా తాగారు. మా అందరి ముఖాలూ నేలవైపే ఉన్నాయి.

ఆవిడ బిందె గోడమీద పెట్టి, చెప్పులు విడిచి, చేతులు జోడించి మాతో నడవడం మొదలుపెట్టింది.

ఆ మిగిలిన చుట్లు ఎలా తిరిగామో నాకు తెలియదు. ముందు ఆవిడ, వెనక మేము. ఇంటి ముందూ, వెనక సందులోనూ కంకర పోసి ఉంది. ఆవిడ అడుగు అడుగుకీ తూలుతోంది, గోడ పట్టుకుంటోంది, ఏదో సన్నగా చదువుకుంటోంది. ఆమె ఇల్లు కూలాలని ప్రార్థిస్తూ వచ్చినవాణ్ణి ఆమె వెనకే నడుస్తున్నాను. దేవుడు ఆ క్షణాన ఎవరి ప్రార్థన వింటున్నాడో అన్న ఆలోచన వచ్చింది. చిన్నప్పటినుంచీ ఆయన పేరు పలుకుతున్నాను. ఆయనంటే మొదటిసారి భయం వేసింది.

చివరి చుట్టు పూర్తయి గేటు ముందుకు వచ్చాం. అప్పుడు కేక వెయ్యాలి. పాస్టరుగారు నావైపు చూశారు. నేను ఆవిడ వట్టికాళ్ళవైపు చూశాను. ఎవరూ కేక వెయ్యలేదు.

మా గేటు చప్పుడైంది. నా భార్య బయటికి వచ్చింది. నెలల తరబడి గడప దాటని మనిషి, నలిగిన చీరతో, జుట్టు ముడైనా వేసుకోకుండా రోడ్డు దాటింది. నన్ను దాటుకుంటూ పోయింది. ఆ పెద్దావిడ ముందు నిలబడి, వంగి, పక్కన విడిచిన చెప్పులు తీసి ఆమె కాళ్ళదగ్గర పెట్టింది.

"ఏసుకో అమ్మా. కంకర గుచ్చుకుంటది" అంది.

అన్ని రోజుల తర్వాత ఆమె నోట విన్న మొదటి మాట అది. గొంతు బొంగురుపోయి ఉంది. ఆ పెద్దావిడ చేయి పట్టుకుని ఇంట్లోకి నడిపించుకుని వెళ్ళింది. గేటు మూసుకుంది. మేము రోడ్డుమీద మిగిలాం.

జరిగింది ఇది. ఇంతే. తర్వాతి ఆదివారం నేను మైకు పట్టుకుని చెప్పింది ఇది కాదు. మేము కేక వేశామన్నాను. కేక వెయ్యగానే వెనకగదిలో ఆమె పెద్దగా అరిచిందన్నాను. అపవాది వదిలిపోయి ఆమె పరుగెత్తుకుంటూ బయటికి వచ్చిందన్నాను. ఆ ఇంటావిడ కూడా గడగడ వణికి నీళ్ళబిందెతో ఎదురొచ్చిందన్నాను. చాయ్ గ్లాసు సంగతి కూడా చెప్పాను, అన్నిటికంటే అదే బాగా పండింది. చాయ్ అనగానే జనం స్తోత్రం స్తోత్రం అనేవారు. మొదటిసారి చెప్పినప్పుడు ఎక్కడ తప్పు చెబుతున్నానో నాకు తెలుసు. పదోసారికి నాకే గుర్తు రాలేదు. అబద్ధం నా జ్ఞాపకంలో నిజం పక్కన చాప వేసుకుని పడుకుంది. పాస్టరుగారు ఆ రోజు అక్కడ ఉన్నవారే. మొదటిసారి విన్నప్పుడు తల దించుకున్నారు. తర్వాత అలవాటైపోయింది ఆయనకు కూడా.

నా భార్య రోజూ ఎదురింటికి వెళ్ళేది. ఆయన్ని మంచంమీద పక్కకు తిప్పేది, వీపుకు పౌడరు రాసేది, జావ తాగించేది. మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టింది, మొదట వాళ్ళతో, తర్వాత నాతో. కూడికలకు వచ్చేది. పాట పాడేది కాదు కాని కూర్చునేది. ఆయన పోయినప్పుడు కొడుకులు దూరం నుంచి వచ్చేసరికి ఆలస్యమైతే, ఆ పెద్దావిడ పక్కన నేలమీద కూర్చున్నది ఆమే. నేను మాత్రం ఆ గేటు తీసుకుని లోపలికి వెళ్ళడానికి ఏదో ఒక పని అడ్డం పెట్టుకునేవాణ్ణి.

పోయిన ఏడాది వానాకాలంలో, క్యాంపస్ హాస్టలు నుంచి ప్రార్థన సహవాసం పిల్లలు ఒక అమ్మాయిని మా ఇంటికి తీసుకొచ్చారు. ఎమ్మెస్సీ చదువుతోందట. తిండి మానేసింది, క్లాసులకు పోవడం మానేసింది, మాట్లాడదు. వాళ్ళు నా వీడియో చూసి వచ్చారు. దయ్యం వదిలిన అక్క చేతులుంచి ప్రార్థిస్తే వదిలిపోతుందని వాళ్ళ నమ్మకం. నేను నూనె సీసా కోసం లేచాను.

నా భార్య ఆ అమ్మాయిని వెనకగదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. చాలాసేపటికి బయటికి వచ్చింది. "వాళ్ళ అమ్మకు ఫోన్ జేసిన. రేపు అస్తదట. రేపే డాక్టరుకు సూపెడతరు" అని పిల్లలకు చెప్పింది. "ఇగ ఎవ్వరు ఈ పిల్ల నెత్తిమీద చెయ్యి పెట్టి కేకలెయ్యొద్దు. ఇనవడ్డదా?" వాళ్ళు నావైపు చూశారు. ఆమె మాత్రం నన్ను చూడలేదు.

ఆ సాయంత్రం అమ్మాయిని హాస్టలుకు దింపడానికి ఇద్దరం వెళ్ళాం. తిరిగి వస్తుంటే వాన వెలిసింది. క్యాంపస్ రోడ్డుమీద చెట్లు ఇంకా చినుకులు రాలుస్తున్నాయి. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు తడిసిన అరుగులు తుడుచుకుని మళ్ళీ పుస్తకాలు తెరుస్తున్నారు. బండరాళ్ళ అవతల ఎక్కడో నెమళ్ళు అరుస్తున్నాయి.

"ఆ పిల్ల నన్ను ఏమడిగిందో తెలుసా?" అంది నా భార్య. "ఆంటీ, అది మీలో ఉన్నప్పుడు మీకు తెలిసిందా, నాకైతే ఏం తెలుస్తలేదు అన్నది. తనల దయ్యం ఉన్నదని నమ్మింది బిడ్డ. దాన్ని నువ్వు నమ్మించినవ్."

నేను అడుగు వేగం పెంచాను, ఆమె పెంచలేదు.

"ఇన్నేండ్లు నా గురించి ఏమన్నా ఊకున్న. నా పేరే గద, పోనీ అనుకున్న. ఇగ ఊకోను. నాల దయ్యం లేకుండె."

"తెలుసు."

"నీకేం తెల్వదు," అంది. ఆగి నిలబడింది. "ఆ వెనక అర్రల ఎవలుండెనో నీకు తెల్వదు. దేవుడుండె. మా అమ్మ పిలిస్తే నన్నెందుకు పోనియ్యలే, ఆమె ఎదురుచూస్తుంటే నువ్వేం జేసినవ్ అని రోజు అడుగుతుంటి. ఇడిచిపెట్టలే ఆయన్ని. ఆయన గూడ పోలే. జవాబియ్యలే గని, పోలే. నేను ఆయనతోని కొట్లాడుతుంటే మీరేమో బయట నిలవడి ఆయన్నే ఎల్లగొట్టవట్టిరి."

పుస్తకాల పిల్లలెవరో మమ్మల్ని తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నారు.

"మరి సైతాను?" అన్నాను. ఏదో ఒకటి అనాలని అన్నాను.

"అచ్చిండు. రాకుండ ఉంటడా? రోజు పొద్దుగాల నీ చాయ్‌తోనే అస్తుండె." ఆమె గొంతులో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతోంది. "మీ అమ్మ ముఖం సూడకుండ జేసినోడు ఈయననే, ఈయన చేతి చాయ్ తాగుతవా అంటుండె. అబద్ధమన్నా ఆడకపాయె. నిజమే చెప్తుండె, గందుకే కష్టమయ్యేది. నిన్ను జన్మల క్షమించొద్దని, గంతే వాడడిగేది. గ్లాసు అందుకునేదాక నాకు యుద్ధమే. అందుకున్ననంటే ఆ రోజుకు వాడు ఓడిండు. మళ్ళ తెల్లారి మొదలు." నావైపు తిరిగి అడిగింది. "ఎన్నడన్న అందుకోకుండ ఉన్ననా?"

"లేదు."

"అంతే మరి."

ఆమె ముందుకు నడిచింది. నేను నడవలేకపోయాను.

చెడుతో దేవుని యుద్ధం గురించి నేను ఎన్ని ప్రసంగాలు చేశానో. ఆకాశంలో సేనలు, కత్తులు, ఉరుములు. మన పోరాటం నెత్తురూ మాంసమూ ఉన్న మనుషులతో కాదని బైబిలు వాక్యం చెబుతుందని చదివి వినిపిస్తూనే ఎదురింటి ముసలావిడ చుట్టూ తిరిగాను. నిజమైన యుద్ధం రోజూ పొద్దున నా చేతికీ ఆమె చేతికీ మధ్య బెత్తెడు ఖాళీలో జరిగింది. అందులో నేను శత్రువు ఆయుధాన్ని. అవతల పక్షాన ఒక్కతే, తిండి సరిగా తినని, తల్లి పోయిన మనిషి. ఆమె గెలిచింది. ప్రతిరోజూ గెలిచింది. గెలిచిన ప్రతిసారీ ఆ గెలుపు లాభం నాకే వచ్చింది, ఒక్కదానికీ నేను కృతజ్ఞత చెప్పలేదు. పైగా ఆ చూపును జనానికి దయ్యం గుర్తుగా చూపించాను. సిలువమీద దేవుడు కొట్టకుండా, తిట్టకుండా, క్షమిస్తూ గెలిచాడని మేము చెప్పుకుంటాం. దాని ఆకారం ఎలా ఉంటుందో ఆ గదిలో నా కళ్ళముందే ఉంది. రోజూ చూశాను. చూసి భయపడ్డాను, కాని ఎవరికి భయపడుతున్నానో గుర్తుపట్టలేదు.

పరుగెత్తి ఆమెను అందుకున్నాను. "ఆ రోజు ఎందుకు బయటికి వచ్చినవ్?"

"ముందుగది కిటికీల నుంచి సూసిన. ఆమె వట్టికాళ్ళతోని కంకరల నడుస్తుంటే మా అమ్మ యాదికొచ్చింది. దేవుడిచ్చిన జవాబో కాదో నాకు తెల్వదు. పోకుండ ఉండలేకపాయిన." కొంచెం దూరం పోయాక అంది. "ఆమెకు నేనేం చెప్పలే, మీరెందుకు తిరిగిన్రో. అది నువ్వే చెప్పాలె."

మర్నాడు వెళ్ళాను. ఆవిడ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కుర్చీ చూపించింది. నేను నిలబడే చెప్పాను. మీ మేలు కోరి తిరగలేదమ్మా, మీ ఇంట్లో చెడు ఉందనుకున్నాం, అది కూలిపోవాలని తిరిగాం అన్నాను.

"కూలిపోవాలనా? ఇల్లా?"

"ఇల్లు కాదు... ఇంట్లో ఉన్న..."

"ఇంట్లో ఉన్నది నేనూ, మా వారూను."

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది.

"నీళ్ళిచ్చానే మీకు. అందరూ తాగారు కూడానూ."

"తాగామమ్మా."

"బాగుంది నాయనా. చాలా బాగుంది." ఇంటి కప్పువైపు చూసింది. "దగ్గర నిలబడి వేయించారు ఆయన ఈ స్లాబు. మీరు తిరిగితే పడుతుందిటా!" నవ్వలేదు. చిక్కుడుకాయలు చేటలోకి తోసుకుని లేచింది. "నేను మాత్రం ఆ రోజు ఆయన కోసమే తిరిగాను. మీ చుట్లతో దాన్ని కలపకండి." లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత చాలా రోజులు నేను కనపడితే ముఖం తిప్పుకునేది. నా భార్యతో మాత్రం మామూలుగానే ఉండేది. "మీ ఆయనకు బుద్ధి వచ్చిందిటే?" అని అడిగిందట. "అస్తున్నదమ్మా, మెల్లగ" అని చెప్పిందట నా భార్య. ఆ పెద్దావిడ చెప్పిన మాటమీద నేను చాలా ఆలోచించాను. మా ఏడు చుట్లలో దేవుడు విన్నది ఆమె చదువుకున్నదే అయితే? దానిమీద తీర్పు చెప్పే పని నాది కాదు. ఎవరిలో ఏముందో ఖాయంగా చెప్పే ఉద్యోగం నేను మానుకున్నాను.

మిగిలింది సంఘం. పాస్టరుగారి ఇంటికి వెళ్ళి, వచ్చే ఆదివారం ఉన్నదున్నట్టు చెబుతానన్నాను. ఆయన గడ్డం నిమురుకున్నారు. "ఆ సాక్ష్యంతోని ఎంతోమంది బలపడ్డరు బ్రదర్. ఇప్పుడు కాదంటే తొట్రుపడతరేమో" అన్నారు. నేను హాస్టలు అమ్మాయి అడిగిన మాట చెప్పాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. "అయితే నన్ను గూడ కలిపే చెప్పు. నేను గూడ తిరిగిన గద. ఎరిగి ఎరిగి ఊకున్న" అన్నారు.

ఆదివారం చెప్పాను. కేక వెయ్యలేదని చెప్పాను. అత్తమ్మ ఫోన్ వచ్చిన పొద్దున నేనేమన్నానో చెప్పాను. చాయ్ గ్లాసు గురించి నా భార్య చెప్పింది చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. స్త్రీలవైపు ముందు వరసలో కూర్చునే ముసలమ్మ ఒకామె ఉండబట్టలేక అడిగింది.

"గట్లయితే మరి అది యాడికి పోయింది బిడ్డా?"

"ఈమెల ఎన్నడు లేకుండె అమ్మా," అన్నాను. "ఆ పొద్దు నా నోట్ల ఉండె. సాక్ష్యం చెప్పిన ప్రతిసారి ఉండె. పోయిందని ఇప్పుడు గూడ నేను గట్టిగ చెప్పలేను."

కొందరు నవ్వారు, ఆపుకున్నారు. అప్పుడు స్త్రీలవైపు నా భార్య లేచి నిలబడింది. మైకు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు, ఆమె అడగలేదు. తలమీద కొంగు సర్దుకుంది. మేము ప్రార్థన మొదలుపెట్టే మాటలేవీ లేకుండా, పక్కింటి మనిషిని పిలిచినట్టు దేవునితో మొదలుపెట్టింది.

"ఇగో, నేనే. మా అమ్మ పిలిచింది, నేను పోలే. ఆమె కండ్లు మూసేటప్పుడు ఎవల చెయ్యి పట్టుకున్నదో, ఏమడిగిందో నాకు తెల్వదు. నీకు తెలుసు. ఇన్నేండ్ల సంది అడుగుతున్న, చెప్తలేవు. చెప్పకపోయినా నువ్వు మంచోనివే అనుకుంటున్న. రోజు అనుకుంటున్న. అది నాకు అల్కగ లేదు. నీకు తెల్వాలె."

ఆగింది. ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఆ హాల్లో మాతోబాటు ఎవరో నిలబడి, ఆమె మాటను తల వంచి వింటున్నారని నాకు ఎంత ఖాయంగా తెలిసిందంటే, కళ్ళెత్తి అటు చూసే ధైర్యం లేకపోయింది.

ముందు మోకాళ్ళమీదికి దిగింది పాస్టరుగారు. తర్వాత ఒక్కొక్కరే కుర్చీలు వెనక్కి జరుపుకుని దిగారు. నేనూ దిగాను. ఆమె మాత్రం నిలబడే ఉంది, ఇంకా అడగవలసింది ఉన్నట్టు.